తడిసిన ఇల్లు ఆరడానికి ఎంతయ్యింది

పోస్టు పెద్దదే. ఓపిక ఉంటే ఇప్పుడు చదవండి, లేదంటే దాచుకుని ముసురు పట్టిన రోజున చదవండి. ఆ రోజునే ఎక్కువ పనికొస్తాది.

తిత్లీ గురించి ఇంతకు ముందు చాలా రాశాను. కొబ్బరి లెక్క రాశాను, జీడి తోట లెక్క రాశాను, మళ్ళీ మొక్క వేస్తే కాపుకి ఎన్నేళ్ళు పడుతుందో రాశాను. ఇంటి లెక్క మాత్రం రాయలేదు. నేనే కాదు, మనలో ఎవరూ రాయరు. చెట్టు పడితే వచ్చి లెక్కపెట్టి పోతారు, పదో ఇరవయ్యో అంకె పడుతుంది. ఇల్లు తడిస్తే "గోడలున్నాయి కదా, ఎండ కాస్తే అదే ఆరిపోద్ది" అనీసి వెళ్ళిపోతారు. ఆరిపోద్ది, నిజమే. ఎన్నాళ్ళకి ఆరుతుంది, దానికి ఎంత ఖర్చు, అందాకా ముసలివాళ్ళని ఎక్కడ పడుకోబెట్టాలి, ఇవి ఎవరూ అడగరు. నా దగ్గర అప్పటి లెక్క ఉన్నాది. మా అమ్మాయి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రోజువారీ రాసుకున్నాను. అందులోంచే ఇది రాస్తున్నాను.

మన కంచిలి, సోంపేట, కవిటి వైపు అక్టోబరు పది దాటితే గుండె దడ మామూలే. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర దాటింది. మరుసటి ఏడు సరిగ్గా అదే తారీకున హుద్‌హుద్ విశాఖ మీద పడింది. తిత్లీ 2018 అక్టోబరు 11న, గురువారం, దసరా నవరాత్రుల్లో రెండో రోజు. తెల్లవారుజామున నాలుగున్నరకీ అయిదున్నరకీ మధ్య పలాస దగ్గర తీరం దాటిందని వాతావరణ శాఖ వాళ్ళు చెప్పారు. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కో విసురు 165. ఆ గాలి ఎలగున్నాదో మీకు చెప్పక్కర్లేదు, మీరూ ఇక్కడే ఉన్నారు.

మా ఇల్లు ముందు రెండు గదులు శ్లాబు, వెనక వంటిల్లు, సామాన్ల గది బెంగుళూరు పెంకు. పెరట్లో కొబ్బరి చెట్టు ఒకటి వంటింటి మీద అడ్డంగా పడింది. పెంకులన్నీ లేచిపోయి పొద్దంతా వాన ఇంట్లోనే కురిసింది. శ్లాబు గదుల్లో కిటికీ రెక్కలు ఊడిపోయి అక్కడా అదే పని. సాయంత్రానికి చెరువు పొంగి మా వీధిలోకి వచ్చింది. మోకాలి కింద వరకూ నీళ్ళు, రెండు రోజులు కదల్లేదు. నీళ్ళు దిగాక చూస్తే గోడ మీద బురద గీత అడుగున్నర దగ్గర ఉంది. తడి మాత్రం మూడడుగుల దాకా ఎక్కింది. దీపంలో వత్తి నూనె పీల్చుకున్నట్టు ఇటుక నీటిని పైకి పీల్చుకుంటాది. కాబట్టి నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో చూసి లెక్క వెయ్యకండి. దానికి రెట్టింపు ఎత్తు తడి అనుకుని మొదలుపెట్టండి.

మొదటి పధ్నాలుగు రోజులు కరెంటు లేదు. స్తంభాలన్నీ పడుకున్నాయి, ఎక్కడెక్కడి జిల్లాల నుంచో లైన్‌మెన్లు వచ్చి నిలబెట్టారు. ఫ్యాను లేదు, మోటారు లేదు, మనకి ఉన్నది ఎండ ఒక్కటే. ఆ ఎండ కూడా రెండ్రోజులు కాసి ఒక రోజు ముసురు. బురద తియ్యడానికి ఇద్దరు మనుషుల్ని రెండు రోజులు పెట్టాను. మామూలు రోజుల్లో 350 కూలి, అప్పుడు 500. తప్పు పట్టలేం, వాళ్ళ ఇళ్ళూ మునిగాయి, వాళ్ళ బురద వదిలి మన బురద తీశారు. 2,000 అయ్యింది. సామాన్ల గది నేల కిందకి ఉండడం వల్ల నీళ్ళు అక్కడే నిలిచిపోయాయి. పక్కింటి చిన్నాన్న ఆయిలింజను పెట్టి తోడించాను. ఇంజనుకి ఆయన డబ్బు తీసుకోలేదు, డీజిలు 400. బ్లీచింగు పౌడరు, సున్నం కలిపి 350. నూతిలో కొంత వేశాం, నేల మీద కొంత చల్లాం. పైకప్పు వేసేదాకా కప్పడానికి టార్పాలిన్ కొన్నాను, 2,600. వారం ముందు అదే సరుకు 1,500. ఎక్కడ కొన్నానో రాయను, ఆ రోజుల్లో అందరి దుకాణాల్లోనూ అదే కథ.

పెంకుల లెక్క, పైకప్పు కర్రల లెక్క వేరే ఉన్నాది, అది ఇందులో కలపను. ఇది తడి లెక్క మాత్రమే.

దీపావళి దగ్గరకొచ్చింది. ఒక తాపీ మేస్త్రి, ఒక పెయింటరు కలిసి ఇల్లిల్లూ తిరిగి చూసి అంచనాలు చెప్పారు. మా ఇంటికి 38,000 చెప్పారు. గోడకి ఏదో నీరు పట్టని మందు రాస్తారట, దాని మీద పుట్టీ, ప్రైమరు, పైన రంగు. పది రోజుల్లో ఇల్లు కొత్తది, పండక్కి దీపాలు పెట్టుకోవచ్చు అన్నారు.

అప్పుడు నా చేతిలో 30,000 ఉంది. తోటలో 90 కొబ్బరి చెట్లకి 64 పడిపోయాయి. రంపం మిషన్ల వాళ్ళు చెట్టుకి 400 అడిగారు, మొత్తం 25,600. ఇల్లు ముందా, తోట ముందా అని మా ఇంట్లో మూడు రాత్రులు మాటలు నడిచాయి. మా ఆవిడ ఇల్లే అంది. ఆమె మాటా న్యాయమే, పొద్దస్తమానం ఆ చెమ్మలో వంట చేసేది ఆమె. నేను తోట అన్నాను. కారణం మీకు తెలుసు. పడిన మొద్దులు అలాగే కుళ్ళితే కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది, రేపు నిలబడ్డ 26 చెట్ల మొవ్వు కూడా కొరికేస్తుంది. ఇల్లు నాలుగు నెలలు ఆగగలదు, కొమ్ము పురుగు ఆగదు. చివరికి డబ్బు తోటకి, ఒళ్ళు ఇంటికి అని తేల్చుకున్నాం. అంటే ఇంటిని డబ్బుతో కాకుండా కాలంతో ఆరబెట్టాలి.

మా బామ్మర్దిది కవిటి వైపు. అతను ఆ పది రోజుల పని చేయించాడు, 42,000 అయ్యింది. దీపావళికి వెళ్ళి చూస్తే ఇల్లు పెళ్ళికూతురిలాగ ఉంది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. సంక్రాంతికి వెళ్ళేసరికి నేల నుంచి మూడడుగుల వరకూ రంగు అప్పడంలాగ పొంగింది. వేలితో నొక్కితే లోపల తడి పొడి. ఆ ఎండాకాలం అదంతా గీకించి మళ్ళీ చేయించాడు. అతన్ని తక్కువ చెయ్యడానికి రాయడం లేదు, అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను. రాయమన్నాడు కూడా.

ఎందుకలా అయ్యిందో అర్థం చేసుకోవాలంటే ఇటుకని తూచాలి. నేను తూచాను. పడిపోయిన ప్రహరీలోంచి ఒక ఇటుక తీసి, నాలుగు రోజులు ఎండబెట్టి, రాత్రి పొయ్యి పక్కన పెట్టి, జీడి పిక్కలు తూచే కాటా మీద పెడితే 2 కేజీల 900 గ్రాములు. రాత్రంతా బకెట్లో నానబెట్టి పొద్దున్న తుడిచి తూస్తే 3 కేజీల 400. అంటే ఒక్క ఇటుక అర లీటరు నీళ్ళు తాగింది. బరువులో 17 శాతం. నాసిరకం ఇటుక కాదు, మంచి ఇటుకైనా 24 గంటలు నానితే 20 శాతం మించి పీల్చకూడదనే నియమం పెట్టుకున్నారు తప్ప అసలు పీల్చని ఇటుక లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. మా ఇంట్లో తడిసిన గోడ పొడవు వందడుగులు, ఎత్తు మూడడుగులు. మూడు వందల చదరపు అడుగులు. తొమ్మిది అంగుళాల గోడలో చదరపు అడుగుకి పది ఇటుకలు వేసుకున్నా మూడు వేల ఇటుకలు. ఒక్కోదానికి అర లీటరు అంటే 1,500 లీటర్లు. డాబాల మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఒకటిన్నర. ఆ నీరంతా మా గోడల్లో ఉంది, బయటికి పోవడానికి గోడ మొహం తప్ప దారి లేదు. ఆ మొహానికి పుట్టీ పూసి రంగు వేస్తే నీరు ఎక్కడికి పోతుంది? ధాన్యం తేమగా ఉండగా బస్తా కట్టి మూతి కుట్టేసినట్టే.

ధాన్యం విషయంలో మనందరం పండితులమే. 17 శాతం తేమ దాటితే కొనుగోలు కేంద్రంలో పక్కన పెట్టేస్తారు, అందుకని కల్లంలో తిరగేసి తిరగేసి ఆరబెడతాం. గోడ దగ్గరకి వచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుందో తెలీదు. గోడకి మీటరు పెట్టి చూసేవాడు లేడు కదా, పైన చెయ్యి పెడితే పొడిగా తగిలితే చాలు, ఆరిపోయింది అంటాం. పై గింజ ఆరితే బస్తా ఆరినట్టేనా?

సోంపేటలో రిటైరైన ఇంజనీరు గారు ఒకాయన ఉన్నారు, జీడి పిక్కల కోసం మా ఇంటికి వస్తుంటారు. ఆయన చెప్పిన లెక్క: గోడ అంగుళం మందానికి నెల. తొమ్మిది అంగుళాల గోడకి ఒక వైపు నుంచే గాలి తగిలితే తొమ్మిది నెలలు, రెండు వైపులా తగిలితే నాలుగున్నర. గాలి, ఎండ బట్టి అటూ ఇటూ అవుతాది గానీ మోటుగా అదీ లెక్క. మాకు ఇంచుమించు అలాగే అయ్యింది.

ఆయన సలహాతో చేసిన మొదటి పని, లోపల వైపు మూడున్నర అడుగుల దాకా సిమెంటు పూత కొట్టించెయ్యడం. మేస్త్రి 700, సహాయకుడు 450, మూడు రోజులు, 3,450. మంచి పూతని కొట్టిస్తుంటే మా ఆవిడకి ఏడుపొచ్చింది. గాలివాన కొట్టింది చాలక మీరూ కొడుతున్నారా అంది. కానీ సిమెంటు పూత లోపలి తడిని పట్టి ఉంచుతుంది, ఇటుక బయటపడితేనే ఊపిరి తీసుకుంటుంది. కొట్టిన మూడో రోజుకే ఇటుకల మీద తెల్లగా ఉప్పు పూసింది. మనది సముద్రం గాలి, ఉప్పు నేల. చాలామంది దాన్ని తడిగుడ్డతో కడుగుతారు. కడిగితే ఆ ఉప్పు మళ్ళీ కరిగి లోపలికి పోతుంది, మళ్ళీ వస్తుంది. పొడి చీపురుతో దులిపి, దులిపినది చేటలో ఎత్తి బయట పారెయ్యాలి. వారానికోసారి దులిపేదాన్ని అంటుంది మా ఆవిడ, ఆ మాట నిజం, ఆ పని నాది కాదు.

రెండో పని కిటికీల వేళలు. రాత్రీ పగలూ తెరిచి ఉంచితే ఇల్లు ఆరుతుందనుకుంటాం. కార్తీకం దాటాక మన వైపు మంచు ఎలా కురుస్తుందో తెలుసు కదా, తెల్లారేసరికి కొబ్బరాకు నుంచి చుక్కలు కారతాయి. ఆ గాలి ఇంట్లోకి వస్తే గోడ ఇంకాస్త తాగుతుంది. పొద్దున్న తొమ్మిదిన్నర, పది అయ్యి ఎండ ముదిరాక తెరవడం, సాయంత్రం నాలుగున్నరకి మూసెయ్యడం. కల్లంలో ధాన్యం మీద సాయంత్రం బరకం కప్పుతామే, అదే.

కరెంటు వచ్చాక మూడు ఫ్యాన్లు నేల మీద పెట్టి, గోడ పక్క నుంచి గుమ్మం వైపు గాలి పోయేలాగ తిప్పాం. రోజుకి ఇరవై గంటలు, నలభై అయిదు రోజులు. మా అబ్బాయి బిల్లు భయపెట్టాడు. లెక్కేస్తే మూడు ఫ్యాన్లకీ కలిపి మొత్తం 200 యూనిట్ల పైచిలుకు, అదనంగా వచ్చింది 900. ఈ మొత్తం లెక్కలో ఇంత చవకగా ఇంత పని చేసింది ఇంకోటి లేదు.

ఒక ప్రమాదం చెప్పాలి. మా ఊళ్ళో ఒకరు గది తొందరగా ఆరుతుందని తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టి పక్కన పడుకున్నారు. దేవుడి దయ, అర్ధరాత్రి పిల్లాడు ఏడిస్తే లేచారు, తల తిరిగి వాంతులయ్యాయి. బొగ్గు మూసిన గదిలో మండితే వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. గ్యాసు పొయ్యి వెలిగించి ఆరబెట్టడం కూడా దండగ. కేజీ గ్యాసు మండితే కేజీన్నరకి పైగా నీటి ఆవిరే వస్తుంది. తడి ఇంట్లోకి ఇంకా తడి తెచ్చుకున్నట్టు.

మట్టి గోడల ఇళ్ళ సంగతి ఇంకా వేరు. అడుగు భాగం నానిన మట్టి గోడ వాన వెలిసిన రోజున పడకపోయినా, వారం తర్వాత ఎండలో ఆరుతూ ఆరుతూ పడుతుంది. అలాంటి ఇంట్లో రాత్రి పడుకోవద్దు, మూల మీద బీట వస్తే పగలు కూడా వద్దు.

కరెంటు విషయం. పైనుంచి దిగిన వాన వైర్ల పైపుల్లోకి పోయింది. మా వీధికి కరెంటు రాత్రి పూట వచ్చింది, అందరూ కేకలు వేసుకుంటూ స్విచ్చులు వేశారు. పక్కింట్లో గోడకి చెయ్యి తగిలి షాకు కొట్టింది. మేము మెయిన్ స్విచ్చు ముందే దించి ఉంచాం, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఎత్తలేదు. బోర్డులు, కొంత వైరు మార్చడానికి 4,800. పైకప్పు లేని గదుల్లో తడిసిన రెండు సీలింగు ఫ్యాన్లకి చుట్టించడానికి 1,300, ఫ్రిజ్ బాగుకి 3,200, మోటారుకి 2,800. మీకు చెప్పేదేంటంటే, ఫ్రిజ్ నిజానికి గట్టు మీద ఎత్తుంటే ఆ డబ్బు మిగిలేది అని అందరూ అంటారు. ఆ రాత్రి ఆ గాలిలో ఎవరు ఎత్తుతారు? మనుషుల్ని ఎత్తుకోడానికే చేతులు చాలలేదు.

తలుపుల దగ్గర ఒక సంగతి తెలిసింది. వెనక గదులకి ఈమధ్య పెట్టిన ప్లైవుడ్ తలుపులు రెండూ పుస్తకంలాగ పొరలు పొరలుగా విచ్చుకున్నాయి. కొత్తవి రెండింటికి 4,800. మా తాత పెట్టిన పనస కర్ర తలుపు ఉబ్బి రెండు నెలలు మూతపడలేదు గానీ, నీడలో నెమ్మదిగా ఆరి మళ్ళీ తన చోట తాను కూర్చుంది. దాన్ని ఎండలో పెట్టనివ్వలేదు నేను. గబగబా ఎండబెడితే బియ్యం గింజే నూకవుతుంది, కర్ర పగలదా.

దూది పరుపులు రెండు పోయాయి. నాలుగు రోజులు ఎండబెట్టినా లోపల వాసన పోలేదు, కొత్తవి 6,000. సామాన్ల గదిలో తొమ్మిది బస్తాల తిండి ధాన్యం ఉన్నాది. పై వరసలో మూడు మిగిలాయి. కింద ఆరు మొలకెత్తి, బూజు పట్టి, పశువులకి కూడా పెట్టబుద్ధి కాలేదు. 7,800 కట్టాను. బూజు పట్టిన గింజలు పశువులకి పెట్టకండి, పాల మీదా ప్రభావం ఉంటుందని పశువుల డాక్టరు గారు చెప్పారు.

ఇక మా అమ్మ. అప్పటికి డెబ్బై ఎనిమిది. ఆయాసం ఉన్నాది. వానకి రెండో రాత్రే తడి గదిలో దగ్గు పట్టుకుంటే మా అప్ప వచ్చి తీసుకెళ్ళిపోయింది. కూతురింట్లో ఎంత బాగా చూసుకున్నా ఆవిడకి ఉండబుద్ధి కాదు. రోజూ సాయంత్రం ఫోను. "ఒరే, ఇల్లు ఆరినాదేట్రా? నానెప్పుడొచ్చీది?" మా నాన్న పోయిన గది అది, ఆ మంచం మీదే పోతానని ఆవిడ పంతం. ఆరిందమ్మా అని చెప్పి తెచ్చెయ్యడం ఎంతసేపు. తెచ్చాక ఆ చెమ్మలో, నల్లగా బూజు చుక్కలు వేసిన గోడ పక్కన పడుకుంటే ఆవిడ ఊపిరితిత్తులు ఏమవుతాయి? దీపావళికి తీసుకురాలేదు. మాతో రెండు రోజులు మాట్లాడలేదు. మా అప్ప కూడా కోపగించుకుంది, ముసలావిడని బరువనుకుంటున్నారా అని. ఆ మాట పడ్డాను. మిగతా ఖర్చులన్నీ బుక్కులో ఉన్నాయి, ఇది లేదు.

గోడ ఆరిందో లేదో తెలియడానికి ఇంజనీరు గారు ఒక ఉపాయం చెప్పారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథీన్ కాగితం గోడకి ఆనించి, నాలుగు పక్కలా గమ్ టేపు గాలి పోకుండా అంటించి, ఒక రోజు వదిలెయ్యాలి. మర్నాడు చూస్తే కాగితం లోపల వైపు చెమట పట్టి ఉంటే గోడలో ఇంకా నీరు ఉన్నట్టు. రూపాయి ఖర్చు లేదు. నవంబరు ఆఖరున పెడితే చుక్కలు కారాయి. డిసెంబరు మొదటి వారంలో చెమట. ఇంకో పది రోజులు అనుకుంటుండగా డిసెంబరు 17న పెథాయ్ కాకినాడ వైపు తీరం దాటింది. మనకి ఆ గాలి లేదు గానీ చిరుజల్లు, చలి, మబ్బు. మళ్ళీ చుక్కలు. అమ్మ సంక్రాంతికి కూడా రాలేదు. పండగ పూట మేమే పిండివంటలు పట్టుకుని అప్ప ఇంటికి వెళ్ళాం. జనవరి ఆఖరుకి ముందు గదులు పొడి, వంటిల్లు ఇంకా చెమ్మ. ఫిబ్రవరి మూడో వారంలో నాలుగు చోట్ల కాగితం పెడితే నాలుగూ పొడిగా వచ్చాయి. ఆ రోజే మేస్త్రికి ఫోను చేశాను.

పూత మళ్ళీ వేయించడానికి 11,000. రంగు వెయ్యలేదు. గుల్ల సున్నం తెచ్చి నానబెట్టి రెండు పూతలు, 1,400. సున్నం లోపలి చెమ్మని బయటికి పోనిస్తుంది, పూర్వం వాళ్ళు ఊరికే వెయ్యలేదు. శివరాత్రికి ముందు అమ్మ వచ్చింది. వచ్చీరాగానే గోడకి అరచెయ్యి ఆనించి చూసి, ఏం మాట్లాడకుండా వెళ్ళి మంచం మీద కూర్చుంది. ఆ తర్వాత మూడేళ్ళు ఆ గదిలోనే ఉంది.

మొత్తం కూడితే 52,800. ఇందులో నిజంగా ఆరబెట్టడానికి అయ్యింది, అంటే బురద, డీజిలు, బ్లీచింగు, టార్పాలిన్, పూత కొట్టడం, ఫ్యాన్ల బిల్లు, ఇదంతా 9,700. మిగతా 43,100 తడి వల్ల పాడైనవాటికి. డిసెంబరులో నూటికి రెండు వడ్డీకి తెచ్చిన 30,000 మీద జీడి పంట వచ్చేదాకా కట్టిన వడ్డీ ఇందులో కలపలేదు.

ఇప్పుడు దీన్ని ప్రభుత్వ లెక్క పక్కన పెట్టి చూడండి. విపత్తు సాయానికి కేంద్రం 2015 నుంచి 2020 వరకు పెట్టుకున్న పట్టికలో, మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా పోతే 95,100. పాక్షికంగా, అంటే కనీసం 15 శాతం దెబ్బతింటే 5,200. గోడ నిలబడి ఉండి లోపల 1,500 లీటర్ల నీళ్ళుంటే అది ఎన్ని శాతం? ఆ పట్టికలో దానికి గడి లేదు. మా ఇంటికి వచ్చినాయన పెంకులు పోయిన భాగం రాసుకున్నాడు, గోడ మీద చెయ్యి వేసి చూడమంటే నవ్వాడు. ఆయన్ని అని లాభం లేదు, ఆయన చేతిలో ఫారం అలాగే ఉంది.

అలా అని తడికి డబ్బు ఇవ్వడం జరగని పని కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నప్పుడు, ఇల్లు కూలిందా లేదా అని చూడకుండా, మునిగిన ఇంట్లో కింద అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000 అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఫైరింజన్లు పెట్టి ఇళ్ళల్లో బురద కడిగించింది. మంచి పనే, వాళ్ళ కష్టం చిన్నది కాదు. మునిగిన ఇంటికి నష్టం ఉందని ఒప్పుకున్నారు, అదే నాకు ముఖ్యంగా తోచింది. ఇకముందు మన పల్లెల్లో ఇలాంటిది జరిగితే ఆ లెక్కే అడగాలి, గ్రామసభలో అడగాలి. పట్నం గోడా, పల్లె గోడా ఒకే ఇటుక.

మా ఊరి మాస్టారి గారబ్బాయి అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటాడు. అక్కడ 2017 ఆగస్టు ఆఖర్లో హార్వీ తుపానుకి వేల ఇళ్ళు మునిగాయి. వాళ్ళవి కర్ర చట్రాలకి జిప్సం అట్టలు కొట్టిన గోడలు. నీళ్ళు దిగగానే అట్టలు నడుం ఎత్తు దాకా కోసి వీధిలో పారేసి, లోపలి కర్రలకి పెద్ద పెద్ద బ్లోయర్లు, గాలిలో తేమ లాగే మిషన్లు పెట్టి ఆరబెడతారట. దానికే కంపెనీలున్నాయట. అతను ఫోనులో చెబుతుంటే నేను పూత కొట్టించిన సంగతి చెప్పాను. "అంకుల్, మేము చేసిందీ అదే, మీకు మిషను బదులు మాఘమాసం" అన్నాడు.

బీమా గురించి ఒక మాట. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అని ఇళ్ళకి ఒక పాలసీ వచ్చింది. సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నిబంధనలతో అమ్మాలని అప్పుడు చెప్పారు. తుపాను, వరద రెండూ అందులో ఉన్నాయి. మన ఊళ్ళల్లో ట్రాక్టరుకి ఉన్నాది, పశువుకి ఉన్నాది, ఇంటికి బీమా ఉన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తీసుకుంటారో లేదో మీ ఇష్టం, ఒక్కటి మాత్రం చెయ్యండి. అక్టోబరు రాకముందే ఇంట్లో ప్రతి గోడా, ప్రతి వస్తువూ ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. నీళ్ళు వచ్చాక గోడ మీద గీత చెరిగిపోకముందే, పక్కన టేపు పెట్టి ఇంకో ఫోటో. బిల్లులు ఒక కవర్లో. గీత కడిగేశాక ఎవరికీ ఏమీ చూపించలేం.

వంటింటి వెనక గోడకి ఇప్పటికీ ప్రతి ఏడూ మాఘంలో కాస్త ఉప్పు పూస్తుంది. దులిపి, ఒక పూత సున్నం కొడతాం.

పాలిథీన్ కాగితాలు, గమ్ టేపు మా ఇంట్లో ఉన్నాయి, గోడ చూసుకోవాలనుకున్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళండి. ఫ్యాన్లు కూడా రెండు ఇస్తాను. టార్పాలిన్ మాత్రం అడక్కండి, దసరా దగ్గరకొస్తోంది.